బుర్రా వారి గుమ్మడి పాదు

మా ఊళ్ళో తెలివికి లోటు లేదు. ఉన్నదంతా బుర్రా వారి ఇంట్లోనే ఉంది. ఈ మాట అన్నది నేను కాదు, బుర్రా వారే. "అందరికీ బుర్ర మెడ మీద ఉంటుందండి. మాకు ఇంటిపేరులో కూడా ఉంది. అంటే మాకు రెండు" అని పెద్దవాడు గవర్రాజు అరుగు మీద కూర్చుని దారిన పోయేవాళ్ళందరికీ చెబుతుంటాడు. తమ్ముడు తాతబ్బాయి వెంటనే అందుకుని "మూడు అన్నయ్యా, చూరుకి ఒకటి వేలాడుతోందిగా" అంటాడు. అప్పుడు గవర్రాజు భార్య భద్రమ్మ వంటింట్లోంచి కేకేస్తుంది. "మనం ముగ్గురం కదండీ, మూడుమూళ్ళు తొమ్మిది!"

చూరుకి వేలాడేదేమిటంటే, ఎండిన ఆనపకాయ బుర్ర. చిన్న కుండంత ఉంటుంది. గవర్రాజు తల్లి చిలకమ్మ అందులో విత్తనాలు దాచుకునేది. మాట వెనక అర్థం కూడా ఒకటి ఉంటుందని తెలిసిన మనిషి ఆ ఇంట్లో ఆవిడొక్కతే. పోయేముందు ముగ్గుర్నీ మంచం దగ్గరికి పిలిచింది.

"మా అమ్మ నాకిచ్చిన తీపిగుమ్మడి విత్తనం మూడు గింజలే మిగిలిందిరా. ఈ చుట్టుపక్కల ఇంకెక్కడా లేదు. ఈ ఏడు పాదు పెట్టి, కాయ కాయించి, విత్తనం నిలపండి. ఇది ఆగిపోతే మా అమ్మ పేరు ఆగిపోయినట్టే. పెద్దవాళ్ళు చెప్పిన మాట బుర్రలో పెట్టుకోండి" అంది. అని కన్నుమూసింది.

భద్రమ్మకి అత్తగారంటే ప్రాణం. ఏడ్చి ఏడ్చి, కళ్ళు తుడుచుకుని లేచింది. చూరుకున్న బుర్ర దింపింది. గింజలు బయటికి తీసి, మూతి దగ్గర నోరు పెట్టి, అత్తగారి మాటలన్నీ పొల్లుపోకుండా అందులోకి చెప్పింది. మాటలు బయటికి రాకుండా గుడ్డ కుక్కింది. "బుర్రలో పెట్టేశానండి" అంది. అంతే. ఆ రోజునుంచి ఎవరు ఏ మంచిమాట చెప్పినా బుర్రా వాళ్ళు బుర్రలో పెట్టుకోవడం మొదలుపెట్టారు. మన ఇళ్ళలో ఈ చెవిన విని ఆ చెవిన వదిలేస్తాం కాబట్టి, వాళ్ళని చూసి నవ్వే హక్కు మనకి ఎంతుందో నాకు తెలియదు.

మూడు గింజలూ పెట్టారు. ఒకదాన్ని కోడి తినేసింది. ఇంకోటి మొలిచిందో లేదో చూద్దామని తాతబ్బాయి రోజూ తవ్వి చూశాడు, అది మొలవలేదు. మూడోదాన్ని అందరూ మరిచిపోయారు కాబట్టి మొలిచింది. తీగ సాగి పందిరెక్కి, పందిరి మీంచి పెంకుటింటి కప్పు మీదికి పాకింది. భద్రమ్మ పొద్దున్నే లేచి దానికి దండం పెట్టుకుని గానీ పొయ్యి వెలిగించేది కాదు.

అప్పుడు చీడ పట్టింది. లేతాకుల వెనక జిగటగా, సన్నగా, గుంపులు గుంపులుగా పురుగులు. దారిన పోయే రైతొకాయన కంచె మీంచి చూసి "మీ పాదుకి పేనుబంక పట్టిందయ్యా" అని చెప్పి తన దారిన పోయాడు.

"పేలా!" అని భద్రమ్మ గుండె మీద చెయ్యేసుకుంది. "తల్లి లేని పిల్లని మనం పట్టించుకోకపోతే పేలు పట్టవుటండీ?"

ఇంకేముంది! తాతబ్బాయి నిచ్చెన వేశాడు. భద్రమ్మ పేలదువ్వెన తెచ్చి తీగని ఆ చివరినుంచి ఈ చివరిదాకా దువ్వింది. కొన్ని ఆకులు దువ్వెనతో పాటే వచ్చేశాయి.

"చిక్కు చూడండి ఎలా ఉందో!" అంది.

"కొబ్బరినూనె రాయి వదినా, పేలు జారిపడతాయి" అన్నాడు తాతబ్బాయి. అని మూడు కొమ్మలు కలిపి జడ అల్లి, కొసకి ఎర్రరిబ్బను కట్టాడు. ఆపైన తలంటు. భద్రమ్మ కుంకుడుకాయలు నానేసి, పిసికి, నురుగు తీసి తీగంతా రుద్దుతూ "కళ్ళు మూసుకోవే అమ్మా, మండుతాయి" అంది. గవర్రాజు చెంబుతో నీళ్ళు పోశాడు.

రెండు రోజులకి పేనుబంక చాలావరకు పోయింది. కుంకుడు నురుగు పడితే అది పోతుందని తెలిసినవాళ్ళకి తెలుసు. బుర్రా వాళ్ళు మాత్రం ఘనతంతా జడదే అన్నారు. తెలివితక్కువ పని ఒకసారి కలిసొచ్చిందంటే ఇక మనిషిని పట్టుకోలేం. వీళ్ళు ముగ్గురు.

పేలు పోయాయో లేదో, ఎర్రగా నిగనిగలాడే పురుగులొచ్చి ఆకుల్ని జల్లెడ చేశాయి. గవర్రాజు ఒకదాన్ని గుప్పిట్లో పెట్టుకుని ఎరువుల కొట్టుకి వెళ్ళాడు. కొట్టాయన చూసి "గుమ్మడి పెంకు పురుగు" అన్నాడు. ఒక సీసా ఇచ్చి "పురుగుల మందు, జాగ్రత్త" అన్నాడు.

సీసా చూడగానే భద్రమ్మ నివ్వెరపోయింది. "ఏవండీ, పురుగులకి మందిస్తే వాటి ఒంట్లో నలత తగ్గి ఇంకా బాగా తినవూ?"

గవర్రాజు తల పట్టుకున్నాడు. "ఔనే! ఆ కొట్టాయన పురుగుల మనిషి!" అని వచ్చినదారినే వెళ్ళి సీసా బల్ల మీద పెట్టాడు. "మా పురుగులు ఆరోగ్యంగానే ఉన్నాయండి. వాటికి జబ్బు చేసేదేదైనా ఉంటే ఇప్పించండి." కొట్టాయన సీసా లోపల పెట్టుకుని, అతని వంక కాసేపు చూసి, కొట్టు తలుపులు దగ్గరగా వేసుకున్నాడు. ఆ రోజు ఊళ్ళో తేనెటీగలు బతికి బట్టకట్టాయంటే అది భద్రమ్మ తెలివితక్కువతనం చలవే. తెలివైనవాళ్ళయితే పూతంతా తడిపేసి ఉండేవారు.

"పెంకు పురుగు అన్నాడు కదా అన్నయ్యా. పెంకుల్లో పుట్టేది కాబట్టే ఆ పేరు" అన్నాడు తాతబ్బాయి. అంతే. అన్నదమ్ములిద్దరూ కప్పెక్కి, తీగని పక్కకి జరిపి, పెంకులన్నీ ఊడదీసి పెరట్లో పేర్చారు. సాయంత్రానికి వాన దిగింది. ముగ్గురూ నట్టింట్లో ఒకే గొడుగు కింద కూర్చుని అన్నం తిన్నారు. "పురుగుకి నిలవనీడ లేకుండా చేశాం" అన్నాడు గవర్రాజు, కంచంలో పడ్డ వాననీళ్ళు వంచుకుంటూ.

పొద్దున్నే పక్కింటి వరహాలమ్మ వచ్చింది. ఆవిడకి భర్త లేడు, ఒక్కగానొక్క కూతురికి పెళ్ళయిపోయింది. కంచె పక్కన ఒక తేనెపెట్టె పెట్టుకుని, ఆ తేనె అమ్ముకుని తన మానాన తను బతుకుతుంది. ఆ ఈగల్ని "తల్లులూ" అని పిలుస్తుంది.

"ఏంట్రా గవర్రాజూ, ఇల్లెందుకు విప్పేశారు?"

"పెంకు పురుగులండి పిన్నిగారూ" అని జరిగిందంతా చెప్పాడు. మందు సీసా మాట వినగానే వరహాలమ్మ ముఖంలో నెత్తురు లేదు.

"కొట్టలేదు కదా? బతికించావ్! ఆ మందు పూల మీద పడితే నా ఈగలు చస్తాయి. ఈగలు చస్తే మీ పాదు కాయదు. ఇదిగో, కింద బుల్లి పిందె ఉందే, ఇది ఆడపువ్వు. అది లేనిది మగపువ్వు. మగపువ్వులో పుప్పొడి ఆడపువ్వులోకి చేర్చేది తేనెటీగ. పూలకి అదేరా పెళ్ళిళ్ళ పేరయ్య. పెళ్ళి కాకపోతే పిందె పసుపెక్కి రాలిపోతుంది. మీ అమ్మ విత్తనం అక్కడితో సరి."

భద్రమ్మ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "మరి పురుగుల్నేం చెయ్యమంటారు పిన్నిగారూ?"

"చెప్తాను, బుర్రలో పెట్టుకో. పెంకు పురుగులు పొద్దున్నే మత్తుగా ఉంటాయి. చేత్తో ఏరి సబ్బునీళ్ళలో వెయ్యండి. ఎర్రగా, గుండ్రంగా, నల్లచుక్కలతో ఉండేవి అక్షింతల పురుగులు. వాటి జోలికెళ్ళకండి, అవి పేనుబంకని తింటాయి. ఇంకా తగ్గకపోతే వేపగింజలు దంచి, నానేసి, వడగట్టుకోండి. పొద్దున పూట వద్దు, పూల మీద వద్దు. సాయంత్రం ఈగలన్నీ ఇంటికి చేరాక కొట్టండి."

వరహాలమ్మ వెళ్ళిందో లేదో భద్రమ్మ బుర్ర దింపి అన్నీ అందులోకి చెప్పేసింది. తాతబ్బాయి ఊపి చూసి "మాటలు నిండిపోయాయి వదినా, గుడ్డ కుక్కితే ఊపిరాడక చస్తాయి" అన్నాడు. అందుకని గుడ్డ కుక్కకుండా మూతి తెరిచే వేలాడదీశారు.

పెంకులు మళ్ళీ కప్పి, పురుగులు బాగానే ఏరారు. వేపగింజల నీళ్ళు కూడా బిందెడు తయారుచేశారు. సాయంత్రమయింది. అప్పుడు భద్రమ్మకి అనుమానం వచ్చింది.

"పెళ్ళిళ్ళు కుదిర్చే పేరయ్యల్ని ఇంటికి చేరాక కొట్టడమెందుకండీ పాపం?"

"పెద్దవాళ్ళు చెప్తే ఎందుకని అడక్కూడదు" అన్నాడు గవర్రాజు. "పొద్దస్తమానం ఊళ్ళు తిరిగి, పొద్దుగూకాక ఇంటికి చేరితే ఏ ఇంట్లోనైనా కొడతారు. నన్ను మా అమ్మ కొట్టలేదూ?"

"మరి ఈ వేపనీళ్ళెందుకు?"

"కొట్టి కొట్టి అలిసిపోమూ? దాహానికి."

ఇంకేముంది! ముగ్గురూ కంచె దాటి తేనెపెట్టె పక్కన నక్కి కూర్చున్నారు. ఒక్కొక్క ఈగ లోపలికి పోతుంటే తాతబ్బాయి "ఇదొచ్చింది, ఇదీ వచ్చింది" అని చెబుతున్నాడు. చివరిది కూడా దూరాక, గవర్రాజు రోకలెత్తి పెట్టె మీద ఒక్కటి వేశాడు. మర్యాద తెలిసినవాడు కాబట్టి ముందు "ఇంత పొద్దుపోయి రావచ్చునా?" అని గట్టిగా మందలించాడు కూడా.

రెండో దెబ్బ వెయ్యాల్సిన అవసరం రాలేదు. ఈగలు బిలబిలమని బయటికొచ్చాయి. ముగ్గురూ ఏటిగట్టు దాకా పరిగెత్తారు, నీళ్ళలో మునిగారు, తేలినప్పుడల్లా కుట్టించుకున్నారు. తిరిగొచ్చేసరికి ముఖాలు ఇంతింతయ్యాయి. ఆ ఏడు ఆ ఇంట్లో కాసిన మొదటి గుమ్మడికాయలు అవే.

మర్నాడు పెట్టె ఖాళీ. బెదిరిన ఈగలన్నీ లేచిపోయాయి. "నా పెట్టెని కొట్టిందెవర్రా?" అని వరహాలమ్మ అరిచింది. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నాడంటారు. వీళ్ళు తడుముకోవాల్సిన పని లేకపోయింది, ముఖాలే చెప్పాయి.

"మీరేగా పిన్నిగారూ ఇంటికి చేరాక కొట్టమన్నారు? ఆయ్, గట్టిగానే కొట్టామండి" అన్నాడు గవర్రాజు, మెచ్చుకుంటుందేమోనని.

వరహాలమ్మ ఖాళీ పెట్టె ముందు కూలబడిపోయింది. "కడుపున పుట్టినవాటిలా సాకాను కదరా!" అని కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. ఆవిడ ఏడుస్తుంటే భద్రమ్మ ఇంట్లోకి పరిగెత్తింది. చెంబెడు వేపనీళ్ళు తెచ్చి "తాగండి, అలిసిపోయారు" అంది. ఆవిడ ఒక గుక్క తాగి, ఉమ్మి, చెంబు విసిరికొట్టింది. "పేరయ్యల్ని తగిలేశారుగా, ఇక మీ పూలకి మీరే చేసుకోండి పెళ్ళి!" అని తలుపేసుకుంది.

మీరే చేసుకోండి అన్నాక చెయ్యక తప్పుతుందా? పెళ్ళంటే మాటలు కాదు కదా, ముందు గోత్రాలు చూశారు.

"ఆడపువ్వు ఏ తీగది?" అన్నాడు గవర్రాజు.

"మనదే."

"మగపువ్వు?"

"అదీ మనదే."

"శివశివా! ఒకే తల్లి పిల్లలు. అన్నాచెల్లెళ్ళకి పెళ్ళేంటే?"

దాంతో తాతబ్బాయి సంబంధాలు చూడ్డానికి బయల్దేరాడు. మూడో వీధిలో ఒక పాదు మీద నిండుగా విచ్చిన మగపువ్వు కనిపించింది. ఆ ఇంటాయన్ని పిలిచి "మీ అబ్బాయిని మా అమ్మాయికి అడగడానికొచ్చామండి" అన్నాడు. ఆయనకి నిజంగానే పెళ్ళీడు కొడుకున్నాడు. లోపలికి పిలిచి, కుర్చీ వేసి, కాఫీ ఇచ్చాడు. తాతబ్బాయి కాఫీ తాగి, పువ్వు కోసుకుని వచ్చేశాడు. ఆ ఇంట్లోవాళ్ళు ఇప్పటికీ కబురు కోసం చూస్తున్నారట.

గవర్రాజు పంచాంగం తిరగేసి మిట్టమధ్యాహ్నానికి ముహూర్తం పెట్టాడు. గుమ్మడిపువ్వు తెల్లారి విచ్చి, ఎండ ముదిరేసరికి ముడుచుకుపోతుంది. పువ్వుకి పంచాంగం తెలియదు. ముహూర్తం వేళకి పెళ్ళికూతురు ముఖం ముడుచుకుంది, పెళ్ళికొడుకు తల వేలాడేశాడు.

"పిల్ల సిగ్గుపడుతోంది" అంది భద్రమ్మ మురిసిపోతూ.

"అక్షింతలో?" అన్నాడు గవర్రాజు.

"అందుకేగా పిన్నిగారు అక్షింతల పురుగుల జోలికెళ్ళొద్దంది! పెళ్ళికి దాచమని" అని తాతబ్బాయి పళ్ళెం పట్టుకొచ్చాడు. జిల్లేడు చెట్లన్నీ గాలించి పళ్ళేనికి సరిపడా అక్షింతల పురుగులు ఏరాడు. ముగ్గురూ వాటిని పూల మీద చల్లి దీవించారు. అవి ఆకుల మీద పడి, సర్దుకుని, మిగిలిన పేనుబంకని సుష్టుగా తినడం మొదలెట్టాయి. ఆ పెళ్ళిలో కడుపునిండా భోంచేసింది అవే.

గవర్రాజు పసుపుతాడు తెచ్చి ఆడపువ్వు మెడకి మూడుముళ్ళు బిగించాడు. రెండు రోజులకి పిందె పసుపెక్కి రాలింది. భద్రమ్మ దాన్ని ఒళ్ళో పెట్టుకుని ఏడ్చింది. ఇంకో పువ్వుకి ఇంకో పెళ్ళి చేశారు, అదీ రాలింది. మరోటి కూడా. తీగ చివర ఇక ఒకే ఒక్క ఆడమొగ్గ మిగిలింది. ఆ పూట భద్రమ్మ అన్నం ముట్టలేదు. "అత్తగారికి ఏం చెప్పుకోనండీ?" అని గోడకి చేరగిలబడింది.

అలా చేరగిలబడ్డ మనిషికి పైనుంచి ఒక చప్పుడు వినిపించింది. జుంయ్... జుంయ్...

"ఏవండీ! బుర్రలో ఏదో తిరుగుతోంది!"

గవర్రాజు చెవి ఒగ్గి విన్నాడు. ముఖం వెలిగిపోయింది. "అమ్మ మాటలూ పిన్నిగారి మాటలూ కలిసి ఆలోచిస్తున్నాయే! బుర్ర పనిచెయ్యడమంటే ఇదే!"

అంతే. తాతబ్బాయి వీధిలోకి పరిగెత్తి "మా బుర్ర పనిచేస్తోందహో!" అని కేకలు పెట్టాడు. ఊరంతా ఈ వింత చూడ్డానికొచ్చింది. ఆ ఇంటి గడప తొక్కనని ఒట్టేసుకున్న వరహాలమ్మ కూడా వచ్చింది. వచ్చి, తలెత్తి చూసి, అలాగే నిలబడిపోయింది. బుర్ర మూతిలోంచి తేనెటీగలు వస్తున్నాయి, పోతున్నాయి. రోకలి దెబ్బకి ఇల్లొదిలినవాటికి కుండంత చీకటి బుర్ర, మూత లేనిది, పక్కింట్లోనే దొరికింది.

"తల్లులూ!" అని వరహాలమ్మ ఏడుస్తూ నవ్వింది. వెంటనే ముగ్గురి వైపూ తిరిగి వేలెత్తింది. "ఈ బుర్రని ముట్టుకోకండి. దీంట్లో ఇంకో మాట పెట్టకండి. పాదుని ముట్టుకోకండి. మీకు పుణ్యముంటుంది, ఏమీ చెయ్యకండి. విన్నారా? ఏమీ చెయ్యకండి!"

విన్నారు. ఏమీ చెయ్యలేదు. వండలేదు, తినలేదు, స్నానం చెయ్యలేదు. మూడు రోజులు అరుగు మీద వరసగా కూర్చున్నారు. నాలుగో రోజు వరహాలమ్మే గంజి కాచి పోసి "కాయ జోలికి తప్ప మిగతా పనులన్నీ చేసుకోండి నాయనా" అని లేపింది. ఈలోగా చివరి మొగ్గ విచ్చింది, ఈగ వాలింది, పిందె నిలిచింది. వాళ్ళు చేసిన తోటపని మొత్తంలో పనికొచ్చింది ఆ మూడు రోజులదే.

కాయ పెరిగింది. కడవంతయింది. పసిమి తిరిగి, తొడిమ ఎండింది. "రేపు వచ్చి నేనే కోసి గింజలు తీస్తాను" అని వరహాలమ్మ చెప్పి వెళ్ళింది. ఆ సాయంత్రం పాలు తెచ్చే ఆవిడ కాయని చూసి బుగ్గన వేలేసుకుంది. "అమ్మో, ఎంత కాయో! ఊరి కళ్ళన్నీ దీని మీదే. దిష్టి తియ్యించండమ్మా."

భద్రమ్మ గవర్రాజు దగ్గరికి పరిగెత్తింది. ఒక్క కాయ. అత్తగారి తల్లి పేరు. "ఏవండీ, దిష్టి ఎలా తీస్తారు?"

"గుమ్మడికాయ తిప్పి గుమ్మం ముందు పగలగొడతారు."

"గుమ్మడికాయ ఎక్కడిదండీ?"

ముగ్గురూ అటూ ఇటూ చూశారు. తర్వాత పైకి చూశారు.

"ఇంట్లో పెట్టుకుని ఊరంతా వెతుకుతున్నాం!" అన్నాడు గవర్రాజు.

"ఆగన్నయ్యా. కాయ చుట్టూ అదే కాయని తిప్పడమెలాగ?" అన్నాడు తాతబ్బాయి. అతనే కాసేపు ఆలోచించి "బొంగరంలా తిప్పితే సరి, దాని చుట్టూ అది తిరిగినట్టే" అన్నాడు.

కోశారు. గుమ్మంలో పెట్టి మూడుసార్లు గిర్రున తిప్పారు. గవర్రాజు రెండు చేతులా ఎత్తి వీధిలో నేలకేసి కొట్టాడు. అంతే. కాయ వంద చెక్కలయింది.

"దిష్టి పోయింది. ఇక మన కాయకి ఏ భయమూ లేదు" అని గవర్రాజు చేతులు దులుపుకున్నాడు. ముగ్గురూ కాయ వంక తృప్తిగా చూద్దామని కప్పు మీదికి చూశారు. తొడిమ ముక్క ఒక్కటే ఉంది.

"కాయేదండీ?" అంది భద్రమ్మ.

గవర్రాజు తొడిమ వైపు వేలు చూపించాడు. "చూశావా ఎంత దిష్టి తగిలిందో! మనం తీసేలోపలే పోయింది."

అప్పటికి భద్రమ్మకి అర్థమయింది. వీధిలో కూర్చుని గొల్లుమంది. ఆ ఏడుపు విని వరహాలమ్మ పరిగెత్తుకొచ్చింది. కోళ్ళు అప్పటికే పోగయ్యాయి, ఎవరిదో గేదె చెక్కలు నములుతోంది. వరహాలమ్మ వాటిని అదిలించి, మోకాళ్ళ మీద కూర్చుని, మట్టిలో వేళ్ళు పెట్టి వెతికింది. ఏడు గింజలు దొరికాయి. తిట్టడానికి నోరు తెరిచి, భద్రమ్మ ముఖం చూసి మానేసింది. ఆ ఏడు గింజలూ కడిగి, ఆరబెట్టి, భద్రమ్మ కొంగున కట్టింది.

"మా అమ్మాయి పురుటికి వెళ్తున్నానే. తొలకరికి వచ్చేస్తాను. నేనొచ్చి చెప్పేదాకా ఈ ముడి విప్పకు. ఇందులో ఉన్నది మీ అత్తగారి మాట."

భద్రమ్మ విప్పలేదు. ఆ చీర విడిస్తే ముడి ఎక్కడ విడిపోతుందోనని చీరే విడవలేదు. దాంతోనే పడుకుంది, కొంగు తడవకుండా ఎత్తిపట్టి దాంతోనే నీళ్ళు పోసుకుంది. తొలకరి వచ్చింది గానీ వరహాలమ్మ రాలేదు. బాలింతకి జ్వరం తగిలి రెండు నెలలు ఆగిపోయిందావిడ. ఒకరోజు వానలో తడిసిన కొంగులో ఏదో చక్కిలిగిలి పెట్టింది. చూస్తే ముడిలోంచి తెల్లగా మొలకలు.

"మొలకలకి మట్టి కావాలి కదండీ?"

"కావాలి. పిన్నిగారు ముడి విప్పొద్దన్నారు కదే?"

"విప్పను."

ఇంకేముంది! తాతబ్బాయి పాదు తవ్వాడు. భద్రమ్మ పాదు పక్కన పీట వేసుకుని కూర్చుని, కొంగు ముడితో సహా మట్టిలో పాతిపెట్టించుకుంది. గవర్రాజు ఎండ తగలకుండా పందిరి వేశాడు, మూడు పూటలా అన్నం కలిపి పెట్టాడు. తీగలకి నీళ్ళు పోసినప్పుడల్లా భార్యకీ పోశాడు.

వరహాలమ్మ వచ్చేసరికి అయిదు తీగలు సాగి ఉన్నాయి. ఒకటి భద్రమ్మ భుజం మీంచి పాకి, చెవి పక్కన పచ్చటి పువ్వు పూసింది. పువ్వు కింద బుల్లి పిందె. పువ్వులో, చూరు కింది బుర్రలోంచి వచ్చిన తేనెటీగ ఒకటి పుప్పొడి పూసుకుని దొర్లుతోంది. భద్రమ్మ ఊపిరి బిగబట్టి, కళ్ళతోనే ఆగమని సైగ చేసింది. ఈగ తన పని తాను చేసుకుని ఎగిరిపోయాక అప్పుడు నోరు తెరిచింది.

"పిన్నిగారూ, నేను ముడి విప్పలేదండి."

వరహాలమ్మకి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఆ తడిమట్టిలోనే పక్కన కూర్చుని భద్రమ్మ తల నిమిరింది. ఊళ్ళో తెలివైనవాళ్ళెవరూ ఒక ముసలమ్మ మాట కోసం ఇన్నాళ్ళు మట్టిలో కూర్చోరని ఆవిడకి తెలుసు.

"ఇప్పుడు విప్పెయ్యనా?"

"వద్దే తల్లీ, విప్పితే వేళ్ళు తెగుతాయి."

అన్నదమ్ములిద్దరూ గబుక్కున చేతులు చంకల్లో దాచుకున్నారు.

"నేను ఇంకో చీర తెచ్చిస్తాను, అది చుట్టుకుని ఈ చీర ఇక్కడే వదిలెయ్. ముడి ముడిలా ఉంటుంది, నువ్వు నువ్వులా ఉంటావ్" అంది వరహాలమ్మ.

ముగ్గురూ నోళ్ళు తెరిచి చూశారు. ఇన్నాళ్ళూ తట్టని ఉపాయం!

"ఎంత గొప్ప మాట చెప్పారండి!" అన్నాడు గవర్రాజు. "తమ్ముడూ, ఇది మరిచిపోయేలోగా బుర్రలో పెట్టు!"

వరహాలమ్మ "ఒరే, ఆగరా!" అని లేచేలోపలే తాతబ్బాయి చూరు దగ్గరికి పరిగెత్తి, బుర్రని రెండు చేతులా పట్టుకుని, మూతికి మూతి ఆనించి గట్టిగా చెప్పాడు. ఇంకేముంది!